నాలుగో అంతస్తు తలుపు

జయమణి కోడలు కంపెనీకి ప్రార్థనలు అమ్ముకుంటోందని లూర్దమ్మ అన్నదట.

అన్నది లూర్దమ్మే అయినా మాట ఆమె సొంతం కాదు. ఆమె మరిదికి తోడల్లుడు ఒకడు సిమెంటు ఫ్యాక్టరీకి సున్నపురాయి లారీ తోలుతాడు. అతను కళ్ళారా చూశాడట. పొద్దున్నే టవరు కింద మనోళ్ళు గుండ్రంగా నిలబడి, తలలొంచుకుని, స్టీవెన్ మేస్త్రి ప్రార్థన చేస్తుంటే, జయమణి కోడలు రూబీ పలకంత సెల్లు పైకెత్తి ఫొటో తీసిందట. "ఫొటోకింతని ఇస్తారంట వదినా. దేవుడి పేరు చెప్పుకుని బతికేవాళ్ళని చూశాంగానీ, దణ్ణం పెట్టుకునేవాళ్ళని చూపించి బతికేవాళ్ళని ఇప్పుడే చూస్తన్నా" అని, కుళాయి కింద బిందె నిండి పొర్లిపోతున్నా పట్టించుకోకుండా చెప్పిందట లూర్దమ్మ.

జయమణి ఆ మాటని ఇంటిదాకా మోసుకొచ్చి, బిందెతో పాటు కోడలి ముందు దించింది.

జడ వేసుకుంటున్న రూబీ నవ్వింది. నవ్విందేగానీ చేతిలో దువ్వెన ఆగింది. అమ్ముకోవడం అబద్ధం. ఫొటో నిజం.

"అమ్మకానికి కాదత్తా. పనిలోకి దిగేముందు జాగ్రత్తలు చెప్పినట్టు రుజువు. ఫొటో పెట్టకపోతే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు."

"మరి చెప్పావా?"

"ఏంటి?"

"జాగ్రత్తలు."

"స్టీవెనన్న ప్రార్థనలో అన్నీ వస్తాయిగా. ఏ అపాయమూ రానీయకు ప్రభువా అని."

గడప మీద కూచుని బూట్లు తొడుక్కుంటున్న ఫ్రాన్సిస్ తలెత్తకుండానే, "ఆయన చెప్పేది దేవుడికి. మాకు కాదు" అన్నాడు పెళ్ళాంతో. స్టీవెన్ గ్యాంగులో వాడూ ఒకడు. బండి తీసి, "ఎక్కుతావా, ఇక్కడే జాగ్రత్తలు చెప్పుకుంటా కూచుంటావా?" అన్నాడు.

జగ్గయ్యపేట దాటి ఫ్యాక్టరీ రోడ్డు ఎక్కితే కనుబొమ్మలు కూడా తెల్లబడతాయి. ఆ దుమ్ములోనే రూబీ సేఫ్టీ ఆఫీసు. నందిగామలో కంప్యూటర్ డిగ్రీ చేసిన పిల్లని కంపెనీ తీసుకున్నది ఒకే పనికి. ఫ్యాక్టరీలో ప్రాణం మీదికి తెచ్చే పనులన్నిటికీ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో గడి ఉంటుంది. ఆ పనిలో ఏం ముప్పుంది, దానికి ఏం కాపలా పెట్టారు, బాధ్యుడెవరు అనేది అందులో ఉండాలి. గడి తాజాగా ఉంటే పచ్చగా ఉంటుంది. గడువు దాటినా, ప్లాంటులో ఏదన్నా మారినట్టు తెలిసినా ఎర్రబడుతుంది. ఎర్రగడి పనికి పర్మిట్ కాగితం రాదు. దాన్ని మళ్ళీ పచ్చబరచడానికి రెండు మీటలున్నాయి. 'మార్పు ఉంది' అని నొక్కితే ప్రశ్నల వరస తెరుచుకుంటుంది, పని చేసేవాళ్ళని కూచోబెట్టుకుని ఒక్కొక్కటీ అడిగి రాయాలి. 'మార్పు లేదు' అని నొక్కితే ఒక ఫొటో పెట్టేస్తే చాలు. ఆ ఆఫీసులో మొదటి మీట నొక్కినవాళ్ళు లేరు.

ఆవేళ నాలుగో అంతస్తు తలుపు ఎర్రగా ఉంది.

టవరు లోపల పెద్ద పెద్ద గరాటుల్లాంటి సైక్లోన్లు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. వాటిలోంచి రాతిపొడి నిప్పులా కాగుతూ జారి కిల్ను అనే పెద్ద కొలిమిలో పడాలి. ఒక్కోసారి గరాటు గొంతులో పొడి గడ్డకట్టి అడ్డంపడుతుంది. గడ్డ కట్టకుండా గాలి గుప్పించి కొట్టే బ్లాస్టర్లు ఉండేవి. వాటిని రిపేరుకని ఊడదీసి పంపించారు. అప్పట్నుంచి గ్యాంగువాళ్ళే నాలుగో అంతస్తులో చిన్న ఇనుప తలుపు తెరిచి, పొడుగాటి గడ్డపారలు లోపలికి దూర్చి పొడుస్తున్నారు.

"బ్లాస్టర్లు లేవుగదండీ. ఇది మార్పు ఉన్నట్టేగా?" అంది రూబీ.

సేఫ్టీ మేనేజరు భవానీప్రసాద్ చెడ్డవాడేం కాదు. పుట్టినరోజులకి కేకు తెప్పిస్తాడు. ఎవరి మీదా అరవడు. అందరూ తన మీద అరుస్తుంటారు గనక అరుపంటే ఏంటో ఆయనకి తెలుసు.

"వస్తాయమ్మా, రేపోమాపో వస్తాయి. ఇప్పుడు మార్పని రాసి, వచ్చాక మళ్ళీ మార్పని రాయాలా? సోమవారం ఆడిట్ వాళ్ళు దిగుతున్నారు. ఒక్క ఎర్రమచ్చ కనపడితే వీరేంద్ర గారు నన్ను ఆ కిల్నులోనే వేస్తారు."

వీరేంద్ర కిల్ను ఇన్‌ఛార్జి. టవరు పైనుంచి పొడి వదలడమూ ఆపడమూ వాకీటాకీలో అతని మాట మీదే. నందిగామ పక్క పెద్ద కమతం వాళ్ళబ్బాయి. ఫ్యాక్టరీని కూడా పొలం లాగే చూస్తాడు. ఎండిపోతుందన్న భయం తప్ప ఇంకో భయం ఎరగడు.

రూబీ 'మార్పు లేదు' నొక్కింది. పొద్దున తీసిన ఫొటో పెట్టింది. తెర మీద ఫ్యాక్టరీ మొత్తం పెసరచేనులా పచ్చబడింది. భవానీప్రసాద్ ఆమెకి టీ చెప్పాడు.

మర్నాడు మధ్యాహ్నం, అన్నాల వేళ దాటాక, బల్ల మీద టీ గ్లాసు దానంతటదే జరిగింది. తర్వాత శబ్దం వచ్చింది. పిడుగు లాంటిది కాదు. ఏదో పెద్ద జంతువు ఊపిరి వదిలినట్టుంది. రూబీ కిటికీలోంచి చూస్తే టవరు నడుములోంచి బూడిదరంగు మబ్బు దొర్లుకొస్తోంది. దాని అడుగున ఎర్రటి నాలుక.

ఆమె టవరు దగ్గరికి చేరేసరికి స్టీవెన్ మెట్లు దిగి వస్తున్నాడు. తన కాళ్ళతో తనే దిగుతున్నాడు. మొదట ఆమెకి అర్థంకానిది అదే. నిలువెల్లా బూడిద పూసిన బొమ్మలా ఉన్నాడు. ఒంటి మీద చొక్కా లేదు. చేతులు రెండూ ముందుకు చాపి పట్టుకున్నాడు. వాటి చివరల్నించి పేలికలు వేలాడుతున్నాయి. గుడ్డలనుకుంది. దగ్గరికొచ్చాక తెలిసింది, అవి గుడ్డలు కావు. చేతుల తోలు గోళ్ళతో సహా ఊడి, తిరగేసిన తొడుగుల్లా వేలాడుతోంది.

వెనకాల ఫ్రాన్సిస్ దిగుతున్నాడు. పట్టుకోవాలని చేతులు చాస్తాడు, ఎక్కడ పట్టుకోవాలో తెలియక వెనక్కి తీసుకుంటాడు. మెడలో వాకీటాకీ ఊగుతోంది.

"మంచినీళ్ళు" అన్నాడు స్టీవెన్, హోటల్లో అడిగినట్టు.

ఎవరో బకెట్టు తెచ్చి నెత్తిన కుమ్మరించారు. ఆ పొడిలో సగం సున్నమేనన్న సంగతి ఆ క్షణాన ఎవరికీ గుర్తులేదు. ఒంటిమీంచి భగ్గున ఆవిరి లేచింది. నీళ్ళు చర్మం మీదే ఉడికాయి. అప్పుడు అరిచాడు స్టీవెన్. అరుస్తూనే మోకాళ్ళ మీద కూలాడు. మోకాలిచిప్పలు కాంక్రీటుకి అంటుకున్నాయి. లేవదీస్తే కొంత అక్కడే ఉండిపోయింది.

జగ్గయ్యపేట ఆస్పత్రిలో చూసి, ఇక్కడ కాదు, బెజవాడ తీసుకెళ్ళండన్నారు. అంబులెన్సులో ఫ్రాన్సిస్ ఒక పక్క, రూబీ ఒక పక్క. స్టీవెన్ మీద కప్పిన దుప్పటి తడిసి అంటుకుపోతోంది. కాలిన మనిషి వాసన కాల్చిన మాంసం వాసనలాగే ఉంటుందని, దానికి నోట్లో నీళ్ళూరతాయని రూబీకి అప్పుడే తెలిసింది. తన నోటిని తనే కొట్టుకోవాలనిపించింది. నందిగామ దాటేటప్పుడు స్టీవెన్ కళ్ళు తెరిచే ఉన్నాయి. రెప్పలు లేవు, మూయడానికి. పరిటాల దగ్గర అంబులెన్సు గతుకులో పడి లేచింది. ఆ కుదుపుకి తల పక్కకి వాలింది. మళ్ళీ నిలబడలేదు.

ఫోను మోగింది. భవానీప్రసాద్.

"ఎక్కడున్నారమ్మా?"

"పరిటాల. పోయాడండీ."

అవతల ఇంకెవరో ఆయన పక్కన ఏదో గొణిగారు. తర్వాత ఆయన "అయితే... గేటు బయటే కదా పోయింది? రోడ్డు మీద. ప్లాంటులో కాదు. అది గుర్తుపెట్టుకో అమ్మా, సాఫ్ట్‌వేర్‌లో చావు గడి వేరు, దెబ్బల గడి వేరు" అన్నాడు.

రూబీ బండి ఆపించి, హనుమంతుడి విగ్రహం ఎదుట రోడ్డు పక్కన వాంతి చేసుకుంది. ఫ్రాన్సిస్ దిగలేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని, వాకీటాకీ మీట నొక్కుతూ వదులుతూ కూచున్నాడు.

మర్నాడు పొద్దున శవాన్ని ఇంటికి తీసుకుపోలేదు. పేటంతా కదిలి ఫ్యాక్టరీ గేటు ముందు దించారు. శవపేటిక పక్కన స్టీవెన్ భార్య క్రిస్టీ కాళ్ళు బారజాపుకుని కూచుంది. ఏడవడం లేదు. పేటిక మీద పడే దుమ్ముని కొంగుతో తుడుస్తోంది, మళ్ళీ పడుతోంది, మళ్ళీ తుడుస్తోంది. లారీలు హైవే దాకా నిలిచిపోయాయి. పోలీసులు రెండు వ్యానుల్లో వచ్చారు.

మాట్లాడ్డానికి భవానీప్రసాద్‌ని తోసి పంపించారు. ఆయన రూబీని వెంటబెట్టుకుని గేటు చిన్న తలుపులోంచి బయటికొచ్చాడు. రూబీ ఫొటోలు తీసే ట్యాబు ఆయన చేతిలో ఉంది.

"మేమేదో చెప్పకుండా పైకి పంపించామనుకోవడం తప్పండి" అన్నాడు, ఎస్సైకీ జనానికీ మధ్య గాలిలోకి చూస్తూ. "పనికి ముందు ప్రతిరోజూ అపాయం గురించి చెప్తాం. ఇదిగో ఫొటో. స్టీవెన్‌తో సహా అందరూ తలలొంచుకుని వింటున్నారు, చూడండి."

క్రిస్టీ లేచింది. ట్యాబు అందుకుని ఎండకి చెయ్యడ్డం పెట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది.

"నా మొగుడు ప్రార్థన చేస్తన్నాడు" అంది.

అని, ఆ ట్యాబుని రెండు చేతుల్తో ఎత్తి భవానీప్రసాద్ మొహం మీద కొట్టింది. ముక్కు పగిలిన చప్పుడు అందరికీ వినిపించింది. ఆ చప్పుడు కోసమే కాచుకున్నట్టు జనం విరుచుకుపడ్డారు. అక్కడ రాళ్ళకి కొదవేముంది, అది సున్నపురాయి ఫ్యాక్టరీ. సెక్యూరిటీ గది అద్దాలు పగిలాయి. వాచ్‌మన్ నెత్తిన ఒక రాయి పడి, వాడు రక్తంలో తడుముకుంటూ టోపీ కోసం వెతుక్కున్నాడు. మేనేజర్ల కారొకటి బోర్లాపడింది. ఎవరో పెట్రోలు ట్యాంకులో గుడ్డ దూర్చి అంటించారు. పోలీసులు లాఠీలెత్తారు. ఆడవాళ్ళ పిక్కల మీద, ముసలాళ్ళ వీపుల మీద, అందినచోటల్లా కొట్టారు. కొట్టేవాడికి కూడా ఊపిరాడని కొట్టడం.

రూబీ జడ ఎవరి చేతికో చిక్కింది. వెనక్కి లాగితే వెల్లకిలా పడింది. పైన లూర్దమ్మ మొహం.

"ఫొటో తీసింది ఈ చెయ్యే! ఈ చెయ్యే!"

చెప్పుకాళ్ళతో చేతిని తొక్కారు. ఒకడు మోచేతి మీద కర్రతో కొట్టాడు. ఎముక కలుక్కుమంది. స్టీవెన్ గ్యాంగువాడే వాడు, పోయిన క్రిస్మస్‌కి ఆమె చేతి బిరియానీ తిన్నవాడు. కింద నుంచి, కాళ్ళ సందుల్లోంచి ఆమెకి ఫ్రాన్సిస్ కనిపించాడు. కరెంటు స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. ఆమెని చూశాడు. చూసి, తల తిప్పుకున్నాడు.

లాఠీ దెబ్బలకి అడ్డం పడి, కోడల్ని చంకలో పట్టుకుని ఈడ్చుకొచ్చింది జయమణి. ఆమె వీపు మీద రెండు వాతలు తేలాయి. "దీన్ని కొట్టాలంటే నేను కొట్టుకుంటాలే, మీరెవరే!" అని దారంతా తిట్టుకుంటూ తీసుకొచ్చింది.

స్టీవెన్‌ని పూడ్చిపెట్టారు. క్రిస్టీకి క్యాంటీనులో ఉద్యోగం ఇస్తామని పెద్దల ముందు ఒప్పుకున్నారు. జనం మీది కేసులు తీసేస్తామన్నారు. రాళ్ళేసిన చేతులు మళ్ళీ కూటికోసం ఖాళీగా నిలబడ్డాయి. కిల్ను మాత్రం చల్లారి ఉంది. దాన్ని మళ్ళీ వెలిగించాలంటే నాలుగో అంతస్తు గొంతు శుభ్రం కావాలి. అందుకు పర్మిట్ రావాలి. ప్రమాదం జరిగింది గనక సాఫ్ట్‌వేర్ ఆ గడిని ఎర్రగా బిగించేసింది.

వీరేంద్ర జీపు పంపించి ఫ్రాన్సిస్‌ని పిలిపించుకున్నాడు. ఫ్రాన్సిస్ తిరిగొచ్చేసరికి జేబులో మేస్త్రి బ్యాడ్జి ఉంది. అన్నం ముందు కూచుని ముద్ద కలిపి, తినకుండా, "రేపు పొద్దున్నే వచ్చి ఆ గడి సంగతి చూడమన్నారు నిన్ను" అన్నాడు.

"ఏం చూడాలి?"

"నీకు తెలవదా? మార్పు లేదని నొక్కు."

రూబీ చెయ్యి కట్టుకట్టి మెడకి వేలాడుతోంది. "నొక్కను. పైకెక్కేది నువ్వు."

"ఎక్కేది నేనుగదా. నాకు లేని నొప్పి నీకెందుకు?"

"స్టీవెనన్నకీ లేదు, మొన్నటిదాకా."

ఫ్రాన్సిస్ కంచం తన్ని లేచాడు. మెతుకులు గోడకి అంటుకున్నాయి. లేస్తూనే చెంప మీద కొట్టాడు. రూబీ తల తలుపుకి తగిలి పెదవి చిట్లింది. రెండో దెబ్బకి చెయ్యెత్తాడుగానీ, మధ్యలో జయమణి చీపురుకట్ట తిరగేసి నిలబడింది.

"ఆయన పేరెత్తొద్దు" అన్నాడు. గొంతు దెబ్బ తిన్నవాడి గొంతులా ఉంది. "నా ఎదురుగా ఆయన పేరెత్తొద్దు!"

పొద్దున్నే వాకిట్లో గ్యాంగంతా ఉంది. చెయ్యి మీద కర్రేసినవాడు కూడా తల గోక్కుంటూ నిలబడ్డాడు. లూర్దమ్మ అందరికన్నా ముందుంది.

"నొక్కవే తల్లీ. పొయ్యిలో పిల్లి లేచి వారమవతంది. నువ్వు వేలానిస్తే ఇంతమంది బతుకుతారు."

"ఏ చేత్తో నొక్కమంటావ్ పిన్నీ? తొక్కావే, దాంతోనా?"

లూర్దమ్మ సిగ్గుపడలేదు. "రెండోది బాగానే ఉందిగా."

ఎవరో కిసుక్కుమన్నారు. రూబీకీ నవ్వొచ్చింది. చిట్లిన పెదవి సాగి రక్తం కారింది. తుడుచుకుని, "వస్తా పదండి. కానీ మార్పు లేదని నొక్కను. ఇంకో మీటుంది, అది నొక్కుతా. అందరూ రావాలి, కూచోవాలి. అడిగినదానికి నోరు తెరిచి చెప్పాలి" అంది.

సేఫ్టీ ఆఫీసు కిటికీలకి అద్దాల బదులు అట్టలు కొట్టారు. గ్యాంగు నేల మీద కూచుంది. భవానీప్రసాద్ ముక్కు మీద పెద్ద కట్టు. వీరేంద్ర కూచోలేదు. కిల్ను మీదే ధ్యాసతో అటూ ఇటూ తిరుగుతున్నాడు. హైదరాబాదు నుంచి సాఫ్ట్‌వేర్ కంపెనీ మనిషి హరిచరణ్ ఫోను స్పీకర్లో ఉన్నాడు.

"మీ దగ్గర్నుంచే ఆ గడిని తెరిచేయొచ్చు కదయ్యా?" అని అరిచాడు వీరేంద్ర.

"కుదరదు సర్. ప్రమాదం జరిగిన పనికి ప్రశ్నలన్నీ పూర్తి చేయాల్సిందే సర్. అలా కట్టమని మీ కంపెనీయే అడిగింది సర్."

రూబీ ఎడం చేత్తో మీట నొక్కింది. 'మార్పు ఉంది.' ప్రశ్నలు ఇంగ్లీషులో వస్తున్నాయి. ఒక్కొక్కటే తెలుగులో చెప్పి, సమాధానం వచ్చేదాకా ఆగుతోంది.

"తలుపు తెరిచాక లోపల్నుంచి పొడి ఎగదన్నితే, ఎటు పరిగెత్తాలి?"

బళ్ళో పంతులమ్మ అడిగినట్టు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. కర్రేసినవాడు చెయ్యెత్తాడు. "పరిగెత్తేదేముందమ్మా. తలుపు తెరిస్తే మెట్లకి అడ్డంగా ఆగుద్ది. అన్న దాని వెనకే ఇరుక్కుపోయాడు."

"మంటకి తాళే కోట్లు ఎన్ని?"

"రెండు. ఎక్కేది ఆరుగురం."

"ఎవరేసుకుంటారు?"

"ముందెవడికి దొరికితే వాడు."

భవానీప్రసాద్ నేలచూపులు చూస్తున్నాడు. వీరేంద్ర గడియారం చూసుకుని, "తెమల్చమ్మా, ఇదేం కోర్టు కాదు" అన్నాడు.

"బాధ్యుడి పేరు అడుగుతోందండీ. ఇంతకుముందు స్టీవెన్ అని ఉంది."

"ఫ్రాన్సిస్ అని రాయి. మేస్త్రి వాడేగా."

రూబీ రాసింది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, ఎడం చేత్తో, మొగుడి పేరు. ఫ్రాన్సిస్ గోడకి ఆనుకుని చొక్కాకి పెట్టిన బ్యాడ్జిని గిల్లుతున్నాడు.

"ఆఖరిది" అంది రూబీ. "బాధ్యుడు పని ఆపమంటే, పొడి వదలడం వెంటనే ఆగుతుందా?"

"ఆగుతుంది. అవునని కొట్టు" అన్నాడు వీరేంద్ర.

"నన్ను కాదండీ, మిమ్మల్నీ కాదు. ఆయన్ని అడగమంటోంది." ఆమె కుర్చీ తిప్పింది. పదిమందిలో మొగుణ్ణి పేరు పెట్టి పిలవడం అదే మొదలు. "ఫ్రాన్సిస్. నువ్వు ఆపమంటే ఆగుద్దా?"

ఫ్రాన్సిస్ పెళ్ళాం పెదవి మీద ఎండిన రక్తం వైపు చూశాడు. బ్యాడ్జి ఊడదీసి బల్ల మీద పెట్టాడు.

"వాడికేం తెలుస్తుంది?" అన్నాడు వీరేంద్ర. "రాయమ్మా, ఆగుతుందని. ఎవడు చెప్పినా ఆపుతాం. ఎప్పుడన్నా ఆపకుండా ఉన్నామా?"

"స్టీవెనన్న ఆపమన్నాడు గదా సార్" అన్నాడు ఫ్రాన్సిస్. "గొంతు చించుకుని అరిచాడు, పొడి ఆపమని. వాకీటాకీ నా చేతిలోనే ఉంది. 'ఇంకో పోటు పొడవరా, పెళ్ళాం పక్కన పడుకోడానికొచ్చావా' అన్నది మీరే."